మార్లవాయి బడి నుంచి నేటి దాకా: మన ఏజెన్సీ చదువు, రాష్ట్రం చదువు

 

ఏటా పరీక్షా ఫలితాలు వచ్చినప్పుడల్లా మన ఉట్నూరు ఏజెన్సీ గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "రాష్ట్ర సగటు కంటే వెనుక" అంటారు. ఒక వైపు రాష్ట్రం అంకె, ఇంకో వైపు మన అంకె పెడతారు. అది చూసి మనలో చాలామంది తల దించుకుంటారు. కొందరు కోపం తెచ్చుకుంటారు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరం ఎలా ఏర్పడింది, ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ ప్రత్యేక సంచిక చదివే మన యువత ఆ ప్రశ్న అడగాలని ఈ వ్యాసం రాస్తున్నాను. చరిత్ర తెలియకుండా అంకె చూస్తే అవమానంగా కనిపిస్తుంది. చరిత్ర తెలిసి చూస్తే అదే అంకె మన చేతిలో ఒక సాక్ష్యం అవుతుంది.

జోడేఘాట్ తరువాత వచ్చిన బడి

మన ప్రాంతంలో చదువు కథను 1940 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగారు. జల్, జంగల్, జమీన్ కోసం జరిగిన ఆ పోరాటం హైదరాబాదు ప్రభుత్వాన్ని కదిలించింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం పాలకులకు వచ్చింది. అప్పుడు ఆదిలాబాద్ గూడేలకు వచ్చిన మానవ శాస్త్రవేత్తే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆయన 1909లో ఆస్ట్రియాలోని వియన్నాలో పుట్టారు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో మన పెద్దల మధ్య నివసించారు.

భూములు పోవడం, అటవీ అధికారుల వేధింపులు, వడ్డీ వ్యాపారుల లెక్కలు. మనవాళ్ల కష్టాలన్నిటి వెనుకా ఒక విషయం ఆయనకు కనిపించింది. కాగితం మీద ఏం రాసి ఉందో చదవగలిగినవాడు గూడెంలో లేడు. పట్టా ఎవరి పేరున ఉందో, అప్పు కాగితంలో ఎంత రాశారో, జరిమానా రసీదు మీద ఉన్న అంకె ఎంతో చెప్పేవాళ్లు లేరు. అందుకే భూమి పట్టాల పనితో పాటు బడి పని కూడా మొదలైంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. నేడు ఆ ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది.

ఆ బడి పద్ధతిని ఇవాళ్టి యువత ప్రత్యేకంగా గమనించాలి. అక్కడ రెండు నిర్ణయాలు తీసుకున్నారు. మొదటిది, పాఠం గోండి భాషలో చెప్పడం. అందుకోసం గోండి వాచకాలు తయారు చేశారు. ఈ ప్రాంతంలో మరాఠీ వాడుక ఎక్కువ కాబట్టి వాటిని దేవనాగరి లిపిలో అచ్చువేశారు. రెండోది, పాఠం చెప్పేవాడు గోండు యువకుడే కావడం. కొద్దిగా చదవడం వచ్చిన మన యువకులనే ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, గూడేల్లో పంతుళ్లుగా నిలబెట్టారు. అలా చదివినవాళ్లలో కొందరు తరువాత పట్వారీలు, గుమస్తాలు కూడా అయ్యారు.

ఇప్పుడు దీన్ని ఆనాటి రాష్ట్రంతో పోల్చి చూడండి. హైదరాబాదు సంస్థానంలో అధికార భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా బోధన ఉర్దూలోనే. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడు పై చదువు చదవాలంటే తన ఇంటి భాష వదిలి ఉర్దూ పట్టాలి. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో పది మందిలో అటూ ఇటూగా ఒక్కరికే చదవడం, రాయడం వచ్చు. అంటే వెనుకబాటు మన ఒక్కరిదే కాదు, రాష్ట్రం మొత్తానిది. పైగా తల్లి భాషలో మొదటి అక్షరం నేర్పే విషయంలో మార్లవాయి బడి ఆనాటి రాష్ట్రం కంటే ముందుంది. ఈ మాట మన పిల్లలకు ఎవరూ చెప్పరు. మనమే చెప్పుకోవాలి.

ఒక సరిహద్దు, రెండు బడులు

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956 నవంబర్ 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయి. ఆదిలాబాద్ జిల్లా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. జిల్లాలో ఉన్న రాజురా, కిన్వట్ ప్రాంతాలు మరాఠీ వైపుకు వెళ్లాయి. తెలుగువారికి ఒక రాష్ట్రం, తరువాత మరాఠీవారికి ఒక రాష్ట్రం లభించాయి. గోండి మాట్లాడేవారి మధ్య నుంచి మాత్రం గీత పడింది. ఒకే పాడికి చెందిన కుటుంబాల్లో అవతలి పిల్లలు మరాఠీ బడికి, ఇవతలి పిల్లలు తెలుగు బడికి వెళ్లారు. రెండు వైపులా ఇంటి భాష బడి గడప దగ్గరే ఆగిపోయింది.

అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని అది చెబుతుంది. మార్లవాయి అప్పటికి 13 ఏళ్ల ముందే ఆ పని మొదలుపెట్టింది. రాజ్యాంగంలో మాట చేరిన తరువాత మాత్రం మన గోండి వాచకాలు క్రమంగా మూలకు చేరాయి.

అంకెలు ఏం చెబుతున్నాయి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో మొత్తం ప్రజల అక్షరాస్యత ఎంత, షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత ఎంత అన్నది ఈ కింద చూడండి. ఇందులో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న అన్ని తెగలూ కలిసి ఉన్నాయి.

1961: రాష్ట్రం 21.19 శాతం, తెగలు 4.41 శాతం.
1971: రాష్ట్రం 24.57 శాతం, తెగలు 5.34 శాతం.
1981: రాష్ట్రం 29.94 శాతం, తెగలు 7.82 శాతం.
1991: రాష్ట్రం 44.09 శాతం, తెగలు 17.16 శాతం.
2001: రాష్ట్రం 60.47 శాతం, తెగలు 37.04 శాతం.
2011: రాష్ట్రం 67.02 శాతం, తెగలు 49.21 శాతం.

ఒక కాగితం తీసుకుని ప్రతి ఏడాదికీ తేడా లెక్క వేయండి. 1961లో తేడా సుమారు 17 పాయింట్లు. 1971లో 19. 1981లో 22. 1991లో దాదాపు 27. అంటే స్వాతంత్ర్యం వచ్చాక పథకాలు, పంచవర్ష ప్రణాళికలు ఎన్ని నడిచినా, ఆ 30 ఏళ్లూ రాష్ట్రానికీ మనకూ మధ్య దూరం పెరుగుతూనే పోయింది. 2001లో అది 23కు దిగింది. 2011లో 18 దగ్గరకు వచ్చింది. 50 ఏళ్లు నడిచి, దూరం విషయంలో మనం మళ్లీ 1961 దగ్గరకే చేరాం.

ఇదే లెక్కను ఇంకో రకంగా కూడా చూడవచ్చు. 1961లో మన శాతం రాష్ట్ర శాతంలో ఐదో వంతు మాత్రమే. 2011 నాటికి అది నాలుగింట మూడు వంతుల దగ్గరకు వచ్చింది. ఈ లెక్కన మన ప్రగతి చాలా పెద్దది. రెండు లెక్కలూ నిజమే. ప్రభుత్వం తన పని గొప్పగా చెప్పుకోవాలంటే రెండోది చూపిస్తుంది. ఇంకా చేయాల్సింది ఎంతుందో అడగాలంటే మనం మొదటిది చూపించాలి. ఎవరు ఏ లెక్క చూపిస్తున్నారో గుర్తుపట్టడం చదువుకున్న యువతకు తెలియాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. 1981 వరకు ఇచ్చిన శాతాలు మొత్తం జనాభా మీద లెక్కించినవి. 1991 నుంచి ఏడేళ్లు నిండినవారి మీదే లెక్కిస్తున్నారు. కాబట్టి 1981 నుంచి 1991కి కనిపించే పెరుగుదలలో కొంత భాగం లెక్క పద్ధతి మారడం వల్ల వచ్చింది. రాష్ట్రానికీ మనకూ ఒకే పద్ధతి వాడారు కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది పోల్చుకోవచ్చు. రెండోది, 1976లో షెడ్యూల్డ్ తెగల జాబితాల సవరణ చట్టం వచ్చింది. అందువల్ల 1971 నాటి "తెగలు" అన్న మాటలోనూ 1981 నాటి "తెగలు" అన్న మాటలోనూ ఉన్న జనం పూర్తిగా ఒకరే కారు.

దేశంతో కూడా ఒకసారి పోల్చాలి. 2011లో దేశ అక్షరాస్యత సుమారు 73 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 67. దేశంలోని తెగల సగటు సుమారు 59 శాతం. మన రాష్ట్రంలోని తెగలది 49. అంటే మన రాష్ట్రమే దేశం కంటే ఆరు పాయింట్లు వెనుక ఉంటే, రాష్ట్రంలోని తెగలు దేశంలోని తెగల కంటే పది పాయింట్లు వెనుక. "గిరిజనులు ఎక్కడైనా అంతే" అని చెప్పేవారికి ఈ అంకె సమాధానం. వేరే రాష్ట్రాల్లోని మన సోదరులు మన కంటే ముందుకు వెళ్లారంటే, లోపం పుట్టుకలో లేదు. ఇక్కడి బడి నడిచిన తీరులో ఉంది.

1961 నుంచి 1981 దాకా ఎందుకు కదల్లేదు

20 ఏళ్లలో 4.41 నుంచి 7.82కు మాత్రమే ఎందుకు వచ్చాం? కారణాలు గూడెంలో పెద్దలను అడిగితే చెబుతారు. చాలా చోట్ల బడికి ఒక్కడే పంతులు. అతను మైదానం నుంచి వచ్చినవాడు. వాన పడితే వాగు దాటలేడు. వాగు దిగేసరికి పండుగ సెలవులు. వచ్చిన రోజు కూడా అతని తెలుగు పిల్లలకు తెలియదు, పిల్లల గోండి, కొలామీ అతనికి తెలియవు. పేరు రిజిస్టరులో ఉంటుంది, పిల్లవాడు పశువుల వెంట ఉంటాడు.

భూమి సంగతి కూడా చదువుకు ముడిపడి ఉంది. భూమి పోయిన ఇంట్లో పిల్లలు కూలికి పోవాలి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగిన సంగతి మీకు తెలుసు. అక్కడికి మనవాళ్లు వచ్చింది భూమి పట్టాల కోసం. తెగల అక్షరాస్యత 7.82 శాతం అని లెక్క తేలిన ఏడాది కూడా అదే. ఆడవాళ్లలో అయితే 3.46 శాతం. 100 మంది తల్లుల్లో 96 మంది తమ పేరు రాయలేని కాలం అది. పట్టా అడగడానికి వచ్చినవారిలో ఎందరు ఆ పట్టాను చదవగలిగేవారో ఆలోచించండి.

మన పంతులు మన గూడెంలో

1986లో ప్రభుత్వం 275వ జీవో ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలను స్థానిక గిరిజనులకు కేటాయించడం దాని ఉద్దేశం. అది కోర్టు చిక్కుల్లో పడ్డాక, 2000 జనవరి 10న 3వ జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలలు, గూడేల్లో గిరిజన విద్యా వికాస కేంద్రాలు, 1999లో ఏర్పడిన గిరిజన గురుకులాల సంస్థ కూడా ఈ కాలానివే. ఊరి యువకుడే పంతులు అయితే వాగు అడ్డం రాదు, భాషా అడ్డం రాదు. ఒక విధంగా ఇది మార్లవాయి ఆలోచన మళ్లీ బతకడమే.

దూరం తగ్గడం మొదలైంది కూడా ఈ దశాబ్దాల్లోనే. 1991లో 17.16 ఉన్న తెగల అక్షరాస్యత 2001లో 37.04 అయింది. పదేళ్లలో 20 పాయింట్లు. ఆడవాళ్లలో 8.68 నుంచి 26.11కు, అంటే మూడింతలు. దీనికంతటికీ ఒక్క జీవోయే కారణమని చెప్పలేం. సాక్షరతా ఉద్యమం, ఆశ్రమ బడులు, తల్లిదండ్రుల పట్టుదల అన్నీ కలిశాయి. అయినా స్థానిక టీచరు లేకుండా అది సాధ్యమయ్యేది కాదని గూడెంలో ఎవరిని అడిగినా చెబుతారు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3వ జీవోను కొట్టివేసింది. 100 శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని షరతుల మీద కొనసాగనిచ్చింది. ఇకముందు మన బడుల్లో పోస్టులు ఖాళీ అయినప్పుడు ఎవరు వస్తారు, వాళ్లకు మన భాష వస్తుందా అన్నది ఇప్పుడు మన ముందున్న అసలు ప్రశ్న. తీర్పు మీద ఆవేశపడటం సులువు. 100 శాతం కుదరదంటే, గోండి, కొలామీ తెలిసి ఉండాలన్న అర్హతను ఎలా అడగాలి, దాన్ని చట్టబద్ధంగా ఎలా సాధించాలి అన్నది లా చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆలోచించాల్సిన విషయం.

భాష దగ్గర పడే మొదటి అడుగు

గోండు ఇంట్లో పిల్లవాడు ఇంటిని "రోన్" అంటాడు. నీళ్లను "ఏర్" అంటాడు. కుక్కను "నై" అంటాడు. ఒకటో తరగతి తెలుగు పుస్తకంలో "ఏరు" అని చదివితే వాడికి తాగే నీళ్లు గుర్తొస్తాయి. పంతులు "తప్పు, ఏరు అంటే వాగు" అంటాడు. ఆ పిల్లవాడికి తెలివి తక్కువ లేదు. తనకు తెలిసిన మాటకు తప్పు మార్కు పడింది, అంతే. మైదానం పిల్లవాడు తెలిసిన మాటలకు అక్షరాలు నేర్చుకుంటాడు. మన పిల్లవాడు తెలియని మాటలనూ, తెలియని అక్షరాలనూ ఒకేసారి మోస్తాడు. రాష్ట్రమంతటా ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి పోల్చేటప్పుడు ఈ బరువు ఏ పట్టికలోనూ కనిపించదు.

2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కొలామీ, కోయ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది. మంచి ప్రయత్నం, కానీ అన్ని గూడేలకూ అందలేదు. ఇంకో గొప్ప విషయం మన నార్నూర్ మండలం గుంజాలలో జరిగింది. అక్కడ మన పెద్దలు దాచుకున్న పాత గోండి రాతప్రతులు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇవాళ మీ చేతిలోని ఫోన్‌లో ఆ అక్షరాలు రాయడానికి దారి ఉంది.

సగటు లోపల ఎవరున్నారు

2011లో పాత ఆదిలాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం. రాష్ట్రం కంటే ఆరు పాయింట్లే తక్కువ. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఆ 61లో మంచిర్యాల, బెల్లంపల్లి లాంటి బొగ్గు గనుల పట్టణాలు కూడా ఉన్నాయి. జిల్లా జనాభాలో తెగలు దాదాపు 18 శాతం. మిగతావారి అంకె మన అంకెను కప్పేసింది. 2016 అక్టోబర్ 11న జిల్లా నాలుగుగా విడిపోయింది. ఇప్పుడు మన మండలాల పరిస్థితి కొంచెం స్పష్టంగా కనిపించాలి. అదే విధంగా గోండుల అంకె లోపల కొలాములు, తోటీలు కనిపించకుండా పోకూడదు. మనల్ని రాష్ట్రం సగటులో కలిపేస్తే మనకు ఎంత బాధో, మన సగటులో వాళ్లను కలిపేస్తే వాళ్లకూ అంతే.

చిన్న బడుల విషయంలో ఇంకో మెలిక ఉంది. పదో తరగతిలో పది మందే ఉన్న ఆశ్రమ పాఠశాలలో ఒక్కరు తప్పితే ఫలితం 90 శాతం. ఇద్దరు తప్పితే 80. రాష్ట్రంలో లక్షల మంది రాస్తారు కాబట్టి ఒక్కరితో అక్కడ ఏమీ మారదు. ఒక్క ఏడాది ఫలితం చూసి బడి గొప్పదనీ, పనికిరాదనీ అనకండి. ఐదేళ్ల ఫలితాలు కలిపి చూడండి. ఒకటో తరగతిలో చేరినవారిలో ఎందరు పదో తరగతి దాకా వచ్చారో చూడండి. మధ్యలో బడి మానేసినవారు ఏ ఫలితాల్లోనూ లెక్కకు రారు.

మన వంతు పని

మీలో ప్రతి ఒక్కరూ ఒక పని చేయవచ్చు. మీ గూడెం బడి చరిత్ర రాయండి. బడి ఏ ఏడాది మొదలైంది, మొదటి పంతులు ఎవరు, మొదట పదో తరగతి పాసైన అమ్మాయి ఎవరు, ఇప్పుడు ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు, ఎన్ని పోస్టులు ఖాళీ. హెడ్మాస్టరును అడగండి, పటేల్‌ను అడగండి, ముసలమ్మలను అడగండి. ఒక నోటు పుస్తకం చాలు. రాయి సెంటర్‌లో కూర్చున్నప్పుడు ఆ పుస్తకం మధ్యలో పెట్టండి. అధికారి ముందు "మా బడి బాగాలేదు" అనే మాట కంటే ఐదేళ్ల లెక్క బలంగా పనిచేస్తుంది.

మరో పని జనాభా లెక్కలప్పటిది. 2021లో జరగాల్సిన లెక్కలు ఆగిపోయాయి. కొత్త లెక్కలకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. లెక్కలవాళ్లు మీ ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష గడిలో గోండి మాట్లాడేవారు గోండి అనీ, కొలామీ మాట్లాడేవారు కొలామీ అనీ రాయించండి. తెలుగు బాగా వచ్చు కదా అని తెలుగు రాయించకండి. 2011లో దేశమంతటా గోండి తమ మాతృభాష అని చెప్పినవారు దాదాపు 30 లక్షల మంది. ఆ లెక్కే రేపు గోండి పుస్తకాలు, గోండి టీచర్లు అడగడానికి ఆధారం. ఇంకో సంగతి, జనాభా లెక్కల్లో అక్షరాస్యులంటే ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారు. గోండిలో చదివి రాయగలిగిన అమ్మమ్మ కూడా ఆ లెక్కన అక్షరాస్యురాలే.

హైమెండార్ఫ్ దంపతులు ఇప్పుడు మార్లవాయి మట్టిలోనే ఉన్నారు. 1987లో మరణించిన బెట్టీ ఎలిజబెత్ సమాధి అక్కడే ఉంది. 1995లో కన్నుమూసిన ఆయన అస్థికలను 2012లో ఆమె పక్కన ఉంచారు. గుస్సాడి నృత్యానికి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు కూడా ఆ ఊరివారే. ఈసారి దండారి రోజుల్లో మార్లవాయి వెళ్లేవారు ఆ సమాధుల దగ్గర ఆగండి. ఆ ఊరి బడికి కూడా వెళ్లి, ఒకటో తరగతి పిల్లలతో గోండిలో మాట్లాడి, వాళ్ల పుస్తకం ఏ భాషలో ఉందో చూసి రండి. చూసింది మీ నోటు పుస్తకంలో రాసుకోండి.